ఆఫ్‌రోడ్ డ్రైవింగ్ శిక్షణ: రుసుముకు తగిన ఫలితం దక్కుతుందా?

తారు రోడ్డును వదిలి బురదలోనూ ఇసుకలోనూ రాళ్ల గుట్టల మీదా వాగుల్లోనూ వాహనం నడపడాన్ని ఆఫ్‌రోడ్ డ్రైవింగ్ అంటున్నారు. భారతదేశంలో 2020 అక్టోబరులో రెండో తరం మహీంద్రా థార్, 2023 జూన్‌లో అయిదు తలుపుల మారుతీ జిమ్నీ, 2024 ఆగస్టులో థార్ రాక్స్ విపణిలోకి రావడంతో, ఇంజను శక్తిని నాలుగు చక్రాలకూ అందించగల ఫోర్ బై ఫోర్ వాహనాలు కొద్దిమంది ఔత్సాహికుల సొత్తుగా ఉన్న దశ దాటి నగరాల్లోని సాధారణ కుటుంబాలకు చేరాయి. ఇలాంటి వాహనం కొన్నవారికి దాన్ని దారి లేని చోట నడపడం నేర్పే కోర్సులు కూడా ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. ఆ కోర్సులకు వేల రూపాయలు చెల్లించడం అవసరమా, లేక అది తెలిసినవారి వెంట తిరిగి ఉచితంగా సంపాదించుకోగల విద్యేనా అన్నది ఔత్సాహికుల్లో చాలాకాలంగా తెగని చర్చ.

ఈ చర్చ తెగకపోవడానికి ప్రధాన కారణం, అన్ని పక్షాలూ వేర్వేరు విషయాలను ఒకే పేరుతో పిలవడమే. శిక్షణను సమర్థించేవారు భద్రత గురించి మాట్లాడుతుంటే, వ్యతిరేకించేవారు నైపుణ్యం గురించి మాట్లాడతారు. మూడో పక్షంవారు ఆధునిక వాహనంలోని ఎలక్ట్రానిక్ సదుపాయాలను చూపిస్తారు. నిజానికి ఏ ఆఫ్‌రోడ్ కోర్సులోనైనా కలిసి ఉండేవి మూడు విద్యలు: వాహనాన్ని కదిలించే మెలకువలు, దిగబడిన వాహనాన్ని బయటికి లాగే పద్ధతి, ఎక్కడ ఆగాలో ఎక్కడ వెనుదిరగాలో నిర్ణయించుకునే విచక్షణ. ఈ మూడింటి విలువ సమానం కాదు. మూడూ ఒకే విధంగా అలవడేవీ కావు. వాటిని విడదీసి చూసినప్పుడే రుసుము ప్రశ్నకు అర్థవంతమైన సమాధానం దొరుకుతుంది.

చారిత్రక నేపథ్యం

దారి లేని చోట నడిచే చిన్న వాహనం పెద్ద ఎత్తున తయారైనది రెండో ప్రపంచ యుద్ధకాలంలో. 1941 నుంచి విల్లీస్, ఫోర్డ్ సంస్థలు అమెరికా సైన్యానికి జీపులను ఉత్పత్తి చేశాయి. యుద్ధం ముగిశాక 1947లో మహీంద్రా సంస్థ భారతదేశంలో విల్లీస్ జీపుల కూర్పు మొదలుపెట్టగా, 1948లో ఆమ్‌స్టర్‌డామ్ మోటారు ప్రదర్శనలో ల్యాండ్ రోవర్ తొలిసారి ప్రజల ముందుకు వచ్చింది. 1985లో వచ్చిన మారుతీ జిప్సీ భారత సైన్యంలోనూ పోలీసు, అటవీ శాఖల్లోనూ విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. ఈ వాహనాలు ప్రధానంగా పని కోసం ఉద్దేశించినవి కనుక, వాటిని నడిపే విద్య కూడా పనిలో భాగంగానే అబ్బేది. సైన్యంలో డ్రైవర్లకు శిక్షణ ఉండేది. బయట మాత్రం పాత డ్రైవరు పక్కన కూర్చుని చూసి నేర్చుకోవడమే పద్ధతి. ఆంధ్రప్రదేశ్ మన్యంలోని మారేడుమిల్లి నుంచి గుడిస కొండ మీదికి సందర్శకులను చేరవేసే స్థానిక జీపు డ్రైవర్ల నేర్పు ఈ సంప్రదాయానికి చెందినదే.

వినోదం కోసం దారి వదిలి నడపడం అమెరికాలో ముందుగా వ్యవస్థీకృతమైంది. కాలిఫోర్నియాలోని రూబికాన్ బాటలో 1953లో జీపర్స్ జాంబోరీ మొదలైంది. యూటా రాష్ట్రంలోని మోయాబ్‌లో 1967 నుంచి ఈస్టర్ జీప్ సఫారీ జరుగుతోంది. 1980 నుంచి 2000 వరకు సాగిన క్యామెల్ ట్రోఫీ యాత్రలు అడవులనూ ఎడారులనూ దాటే వాహనయాత్రకు ప్రపంచవ్యాప్త ఆకర్షణ తెచ్చిపెట్టాయి. ఈ వినోదం వల్ల నేలకు కలుగుతున్న నష్టాన్ని గుర్తించి అమెరికా అటవీ సేవా విభాగం 1985లో ‘ట్రెడ్ లైట్లీ’ అనే ప్రచారాన్ని చేపట్టడంతో, వాహనాన్ని ఎలా నడపాలన్న ప్రశ్నకు ఎక్కడ నడపకూడదన్న ప్రశ్న తోడైంది.

తయారీదారులే శిక్షణ ఇవ్వడం తర్వాతి మలుపు. ఇంగ్లండులోని ఈస్ట్‌నార్ ఎస్టేట్‌లో 1961 నుంచి తన వాహనాలను పరీక్షిస్తున్న ల్యాండ్ రోవర్, కాలక్రమంలో అక్కడే వినియోగదారులకు శిక్షణ ఇవ్వసాగింది. భారతదేశంలో మహీంద్రా సంస్థ మహారాష్ట్రలోని ఇగత్‌పురి దగ్గర 28 ఎకరాల స్థలంలో ఆఫ్‌రోడ్ శిక్షణ అకాడమీని నెలకొల్పింది. 1997లో మలేషియాలో పుట్టిన రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ పోటీకి 2014 నుంచి గోవాలో భారతీయ రూపం ఏర్పడింది.

ఈ చరిత్రలో రెండు పాయలు కనిపిస్తాయి. ఆస్ట్రేలియా గనుల్లో పనిచేసేవారికీ, సహాయక సంస్థల తరఫున మారుమూల ప్రాంతాలకు వెళ్లేవారికీ ఫోర్ బై ఫోర్ శిక్షణ ఉద్యోగంలో భాగం. అక్కడ రుసుము యజమానే భరిస్తాడు కాబట్టి దాని ప్రయోజనంపై వాదం లేదు. వాదమంతా సొంత డబ్బుతో, సెలవు దినాన, సరదా కోసం నేర్చుకునేవారి విషయంలోనే.

కోర్సులో నేర్పేది ఏమిటి

కోర్సులో మొదట వచ్చేది లో రేంజ్ గేర్ల వాడకం. ఇంజను నుంచి చక్రాలకు చేరే వేగాన్ని బాగా తగ్గించి, ఆ మేరకు చక్రాల దగ్గర తిప్పుడు బలాన్ని పెంచే అదనపు గేర్ల అమరిక ఇది. థార్‌లో ఈ అమరిక బలాన్ని దాదాపు రెండున్నర రెట్లు చేస్తుంది. దీనివల్ల నిటారు ఎత్తును యాక్సిలరేటరు అదిమి దూకినట్టు కాకుండా నడక వేగంతో ఎక్కవచ్చు; దిగేటప్పుడు బ్రేకుకు బదులు ఇంజనే వాహనాన్ని పట్టి ఉంచుతుంది. ఎత్తు ఎక్కలేక మధ్యలో ఆగిపోతే వాహనాన్ని అడ్డంగా తిప్పకుండా, రివర్స్ గేరులోనే నేరుగా వెనక్కి దిగాలన్నది ప్రతి శిక్షకుడూ పట్టుపట్టి చెప్పే పాఠం. వాలు మీద అడ్డం తిరిగిన వాహనం పక్కకు దొర్లే ప్రమాదం ఉండడమే దీనికి కారణం. స్టీరింగ్ చక్రం లోపలికి బొటనవేళ్లు పోనివ్వకూడదన్న చిన్న నియమం కూడా ఇలాంటిదే. ముందు చక్రం రాయికి కొట్టుకుంటే స్టీరింగ్ ఒక్కసారిగా తిరిగి వేలిని దెబ్బతీయగలదు.

కొలతలను అర్థం చేసుకోవడం రెండో అంశం. వాహనం ముందు భాగం తగలకుండా ఎంత ఏటవాలును అందుకోగలదో తెలిపే కోణం, వెనుక భాగం తగలకుండా దిగగల కోణం, నేలకూ అడుగుభాగానికీ మధ్య ఎత్తు వంటివి అమ్మకపు పత్రాల్లోనే ఉంటాయి. 2020 థార్‌కు నేల నుంచి ఎత్తు 226 మిల్లీమీటర్లు, నీటిలో దిగగల లోతు 650 మిల్లీమీటర్లు అని ఆ సంస్థ ప్రకటించింది. అయితే 650 మిల్లీమీటర్లన్న అంకె వాగు అడుగున గొయ్యి ఉందో లేదో చెప్పదు, ప్రవాహపు ఒత్తిడిని లెక్కలోకి తీసుకోదు. అందుకే దిగి, నడిచి చూసి, ఆ తర్వాతే వాహనాన్ని కదిలించడం కోర్సులో పదేపదే చేయించే పని.

మూడో అంశం టైర్లలో గాలి. రోడ్డు మీద 30 పీఎస్‌ఐకి అటూ ఇటూగా ఉంచే గాలిని ఇసుకలో 15 నుంచి 18 వరకు తగ్గిస్తే, టైరు పొడవునా పరుచుకుని ఎక్కువ నేల మీద భారం పంచుతుంది కాబట్టి చక్రం కూరుకుపోదు. ఖర్చు లేని ఈ ఒక్క పని ఎన్నో ఖరీదైన పరికరాల కన్నా ఎక్కువ ఫలితమిస్తుంది; అయితే తిరిగి రోడ్డెక్కే ముందు గాలి నింపుకోవడానికి కంప్రెసరు వెంట ఉండాలి.

నాలుగోది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది, దిగబడిన వాహనాన్ని లాగడం. ఈ పనికి వాడే సాగే పట్టీలూ తాళ్లూ లాగినప్పుడు తమ పొడవులో అయిదో వంతు, కొన్ని అంతకు మించి సాగి శక్తిని నిల్వచేసుకుంటాయి. ట్రెయిలరు తగిలించే గుండు కొక్కేనికి అలాంటి పట్టీ కడితే, అది విరిగి ఫిరంగి గుండులా ఎగిరి చుట్టూ నిలబడినవారి ప్రాణం తీయగలదు. ఆస్ట్రేలియాలో ఇలాంటి మరణాలు సంభవించాయి. ఆ దేశం 2010లో రికవరీ పట్టీల మీద వాడకపు హెచ్చరికలు తప్పనిసరి చేస్తూ వినియోగదారుల భద్రతా ప్రమాణాన్ని తెచ్చింది.

నాలుగు వాదాలు

*శిక్షణ ముందు, ప్రయాణం తర్వాత*

మొదటి వాదం ప్రకారం, ఆఫ్‌రోడ్ డ్రైవింగ్‌లో తప్పు చేసినవాడికి అది తప్పని వెంటనే తెలియదు. బురద గుంటను వేగంగా దూకి దాటినవాడు తన పద్ధతి సరైనదనే అనుకుంటాడు. సస్పెన్షన్‌కు తగిలిన దెబ్బ వారాల తర్వాత బయటపడినా ఆ రెంటికీ సంబంధం అతడికి తట్టదు. సగం క్లచ్ మీద ఎత్తులెక్కే అలవాటు క్లచ్ ప్లేటు కాలిపోయేవరకు ఫలించినట్టే ఉంటుంది. తప్పును అక్కడికక్కడే పేరుపెట్టి చూపే శిక్షకుడు లేకపోతే అనుభవం పెరిగేకొద్దీ దురలవాట్లు కూడా గట్టిపడతాయని ఈ వాదంవారు అంటారు. ఒక రోజు రుసుమును ఒక క్లచ్ మార్పిడితోనో ఒక టైర్ల జతతోనో పోల్చి, కోర్సే చౌక అని లెక్క చూపుతారు.

*సమూహమే పాఠశాల*

రెండో వాదం, ఔత్సాహికులు కలిసి ప్రయాణించే ఆఫ్‌రోడ్ క్లబ్బులది. ఒక రోజు కోర్సులో నేర్చినది వాడకం లేకపోతే మరుపున పడుతుందని, ఏడాది పొడవునా అనుభవజ్ఞుల వెంట తిరిగితే అబ్బేదే నిలుస్తుందని వీరి అభిప్రాయం. కోర్సు జరిగేది ఎంపిక చేసిన అడ్డంకుల మధ్య. అసలు ప్రయాణంలో ఏ నేల ఎదురవుతుందో తెలియదు. తడిసిన నల్లరేగడి టైరు గాళ్లను పూడ్చేసి పట్టు లేకుండా చేసే తీరు, దక్కను గ్రానైటు బండల మీద టైరు పట్టే తీరు, బాపట్ల దగ్గరి తీరపు ఇసుక కుంగే తీరు ఒకదానికొకటి పోలిక లేనివి. ఎమిరేట్స్ వంటి గల్ఫ్ దేశాల్లో స్థిరపడిన తెలుగువారు ఇసుక దిబ్బల మీద నడపడాన్ని ఎక్కువగా ఇలాంటి బృంద ప్రయాణాల్లోనే నేర్చుకుంటారు.

దీనికి ఎదురయ్యే అభ్యంతరం కూడా బలమైనదే. క్లబ్బులో చెప్పేవారి ప్రమాణం ఒక్కటి కాదు. అనుభవంతో పాటు అపోహలూ చేతులు మారతాయి. పదిమంది చూస్తుండగా వెనక్కి తగ్గడం కొత్తవారికి కష్టం. డబ్బు తీసుకున్న శిక్షకుడు వద్దన్నంత తేలిగ్గా స్నేహితులు వద్దనరు.

*వాహనమే చూసుకుంటుంది*

మూడో వాదం సాంకేతికతది. 1997లో ల్యాండ్ రోవర్ ఫ్రీలాండర్‌తో హిల్ డిసెంట్ కంట్రోల్, అంటే దిగుడులో వేగాన్ని తనంతట తానే అదుపు చేసే ఏర్పాటు వచ్చింది. 2004లో డిస్కవరీ 3 వాహనంతో వచ్చిన టెరైన్ రెస్పాన్స్ వ్యవస్థలో నేల రకాన్ని ఎంచి మీట తిప్పితే ఇంజను, గేర్లు, బ్రేకులు తదనుగుణంగా మారతాయి. గాలిలో తేలి వృథాగా తిరిగే చక్రాన్ని బ్రేకుతో పట్టి, శక్తిని నేల మీది చక్రానికి మళ్లించే ఏర్పాటు ఇప్పుడు మధ్యతరగతి వాహనాల్లోనూ ఉంది. ఒకప్పుడు పాదాలతో సాధించిన నేర్పు మీటల్లోకి చేరిన తర్వాత మెలకువల కోసం డబ్బు ఎందుకని ఈ వాదం అడుగుతుంది.

మెలకువల మేరకు ఈ ప్రశ్న న్యాయమైనదే. కానీ ఏ ఎలక్ట్రానిక్ వ్యవస్థా దారిని ఎంచదు, ఒడ్డు మెత్తబడి ఉందని చెప్పదు, టైర్లలో గాలి తీయదు, పట్టీని సరైన కొక్కేనికి కట్టదు. పైగా వాహనం సులువుగా మరింత లోపలికి తీసుకువెళ్లగలిగితే, దిగబడే చోటు కూడా సాయం అందనంత దూరంలో ఉండే అవకాశం పెరుగుతుంది.

*నేర్పు పెంచే అతివిశ్వాసం*

నాలుగో వాదం రోడ్డు భద్రతా పరిశోధనల నుంచి వచ్చింది. శిక్షణ సమర్థకులు దీనికి ఇవ్వవలసినంత ప్రాధాన్యం ఇవ్వలేదు. 1981లో పరిశోధకుడు ఓలా స్వెన్సన్ జరిపిన అధ్యయనంలో అమెరికా బృందంలోని 93 శాతం మంది తమ డ్రైవింగ్ నేర్పును బృందంలోని పై సగంలో ఉంచుకున్నారు. నార్వే 1979లో కొత్త డ్రైవర్లకు జారుడు నేల మీద శిక్షణను తప్పనిసరి చేయగా, ఆ తర్వాతి మదింపులో యువకుల ప్రమాదాలు తగ్గకపోగా పెరిగినట్టు తేలింది. స్వీడన్‌లో గ్రెగెర్సెన్ అనే పరిశోధకుడు 1996లో ప్రచురించిన ప్రయోగంలో, నైపుణ్యం నేర్పిన బృందానికీ, తమ నైపుణ్యం ఎంత పరిమితమో చూపిన బృందానికీ వాస్తవ సామర్థ్యంలో తేడా కనిపించలేదు. తేడా వచ్చినదల్లా మొదటి బృందం తనను తాను ఎక్కువగా అంచనా వేసుకోవడంలోనే. లైసెన్సు పొందిన తర్వాత ఇచ్చే డ్రైవింగ్ శిక్షణ ప్రమాదాలను తగ్గిస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని, పలు అధ్యయనాలను కలిపి పరిశీలించిన 2003 నాటి కొక్రేన్ సమీక్ష నిర్ధారించింది.

ఈ ఆధారాలు ఆఫ్‌రోడ్‌కు ఎంతవరకు వర్తిస్తాయి

ఈ అధ్యయనాలన్నీ రోడ్డు మీది డ్రైవింగ్‌కు సంబంధించినవి. రోడ్డు ప్రమాదం ఎక్కువగా వేగంతో, ఎదుటివారితో ముడిపడినది. అక్కడ అత్యవసర మెలకువ వాడే క్షణం అరుదుగా, అనుకోకుండా వస్తుంది. ఆఫ్‌రోడ్‌లో వేగం ఎక్కువగా నడకతో సమానం, ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంటుంది, నేర్చిన ప్రతి మెలకువా ప్రతి ప్రయాణంలో వాడకానికి వస్తుంది. ఈ కారణంగా శిక్షణ ఇక్కడ మెరుగ్గా ఫలించవచ్చని ఒక పక్షం వాదిస్తుంది.

అయితే దీనికి రెండో ముఖం ఉంది. రోడ్డు ప్రయాణం చాలామందికి తప్పనిసరి; ఆఫ్‌రోడ్ ప్రయాణం పూర్తిగా ఐచ్ఛికం. ధైర్యం పెరిగినవాడు అదే వాగును జాగ్రత్తగా దాటడంతో ఆగకుండా ఇంకా పెద్ద వాగును వెతుక్కుంటాడు. కనుక అతివిశ్వాసపు ముప్పు ఇక్కడ ఎక్కువే కావచ్చు. రెండు వాదాలనూ కలిపి చూస్తే నిలిచే అంశం ఒకటుంది: కోర్సు జరపాలా వద్దా అన్నదాని కన్నా కోర్సు ఏ అనుభవంతో ముగుస్తుందన్నది ముఖ్యం. ప్రతి అడ్డంకినీ శిక్షకుడి సైగలతో దాటి, చప్పట్ల మధ్య ధ్రువపత్రం అందుకున్నవాడు తన విజయంలో శిక్షకుడి వాటాను మరచిపోతాడు. సైగలు లేకుండా ప్రయత్నించి, దిగబడి, బయటపడడానికి పట్టే శ్రమను చూసినవాడు తన హద్దును తెలుసుకుని వెళతాడు.

తులనాత్మక సారాంశం

మూడు విద్యల విలువను పక్కపక్కన పెడితే ఈ కింది చిత్రం ఏర్పడుతుంది.

మెలకువలు: వీటిని క్లబ్బులోనూ నేర్చుకోవచ్చు, కొంతభాగం వాహనమే నిర్వహిస్తుంది, అభ్యాసం ఆగితే మరుగునపడతాయి. కోర్సు వల్ల కలిగే లాభం నేర్చుకునే కాలం తగ్గడం, తొలిదశలో వాహనానికి నష్టం తగ్గడం.

లాగే పద్ధతి: ఇక్కడ ప్రయత్నించి నేర్చుకోవడమనే మార్గం లేదు, ఎందుకంటే మొదటి తప్పే చివరిది కావచ్చు. నేర్పవలసిన నియమాలు కొద్దిగా, స్పష్టంగా ఉంటాయి కాబట్టి ఒక్క రోజులోనే ఒంటబడతాయి. రుసుముకు అత్యధిక ఫలితం దక్కేది ఈ భాగంలోనే.

విచక్షణ: మంచి కోర్సు దీన్ని మొదలుపెట్టగలదు, చెడ్డ కోర్సు దీన్ని దెబ్బతీయగలదు. ఇది నిలబడాలంటే తర్వాతి ప్రయాణాల్లో అనుభవజ్ఞుల సహవాసం తప్పనిసరి.

వ్యక్తుల వారీగా చూస్తే, పొలానికో కొండ ఊరికో ఏడాదికి రెండుసార్లు మట్టి దారిలో వెళ్లేవారికి పూర్తి కోర్సు అవసరం తక్కువ. టైర్ల గాలి, లో రేంజ్ వాడకం, నీటి లోతు విషయాలు తెలిస్తే చాలు. సొంత ఫోర్ బై ఫోర్‌తో లద్దాఖ్, స్పితి వంటి చోట్లకు ఒంటరిగా బయలుదేరేవారికి ప్రాథమిక కోర్సు అత్యంత ప్రయోజనకరం. వారం వారం క్లబ్బుతో తిరిగేవారికి మెలకువల కోర్సు కన్నా లాగడం, వించ్ (తీగను చుట్టి వాహనాన్ని లాగే యంత్రం) వాడకం, ప్రథమ చికిత్స మీద ప్రత్యేక శిక్షణ మేలు. వాహనం కొన్న ఉత్సాహంలో ముందుగా పెద్ద టైర్లకూ వించ్‌కూ డబ్బు పెట్టేవారి విషయంలో, ఆ ఖర్చులో చిన్న భాగాన్ని ముందు శిక్షణకు మళ్లించడమే సరైన వరుస.

చట్టం, బీమా, నేల

1988 మోటారు వాహనాల చట్టం కింద ఇచ్చే తేలికపాటి మోటారు వాహన లైసెన్సు ఫోర్ బై ఫోర్‌కూ సరిపోతుంది. దారి లేని చోట నడపడానికి వేరే అర్హతేమీ లేదు. అందువల్ల కోర్సు ధ్రువపత్రానికి చట్టపరమైన విలువ ఉండదు. సొంత కార్ల సాధారణ బీమా పాలసీలు వ్యవస్థీకృత పందేలు, వేగ పరీక్షలు, సామర్థ్య పరీక్షల వంటి వాడకాన్ని మినహాయిస్తాయి; నీరు చొరబడి ఇంజను పాడైతే ప్రత్యేక అనుబంధ రక్షణ లేనిదే పరిహారం సాధారణంగా అందదు. కోర్సుకు సొంత వాహనం తీసుకువెళ్లేవారు రుసుముతో పాటు ఈ నష్టభయాన్ని కూడా ఖర్చులో కలుపుకోవాలి.

నేల సంగతి అంతకన్నా పెద్దది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యాల్లోకి అనుమతి లేని ప్రవేశాన్ని నిషేధిస్తుంది. 2022లో లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సులో పర్యాటకులు కారు నడిపిన వీడియో దేశవ్యాప్త నిరసనకు దారితీసింది. 2023 డిసెంబరులో హిమాచల్‌లోని లాహౌల్ ప్రాంతంలో చంద్రా నదిలో థార్ నడిపినందుకు పోలీసులు చలానా విధించారు. ఇలాంటి ఘటనల్లో లోపించినది మెలకువ కాదు, అక్కడ నడపకూడదన్న వివేకం. ఈ పాఠాన్ని చివరి పది నిమిషాల ఉపన్యాసంగా కుదించే కోర్సు తన పనిలో సగమే చేసినట్టు.

తేలవలసిన అంశాలు

మూడు ప్రశ్నలు ఇంకా తెరిచే ఉన్నాయి. మొదటిది శిక్షకుల అర్హత: ఆస్ట్రేలియాలో ఫోర్ బై ఫోర్ నిర్వహణ జాతీయ వృత్తివిద్యా ప్రమాణాల్లో ఒక పాఠ్యాంశం కాగా, భారతదేశంలో సంస్థ పేరే ప్రమాణంగా చలామణీ అవుతోంది. రెండోది నేర్పు మరోచోట పనికొచ్చే మేర: సొంత వాహనంలో నేర్చినది సంస్థ వాహనంలో నేర్చినదాని కన్నా ఎక్కువగా అక్కరకు వస్తుందా, సహ్యాద్రి వానల బురదలో నేర్చిన పాఠం తెలంగాణ బండల మీద ఎంతవరకు పనికొస్తుంది అన్నవి పోల్చి చూడవలసిన విషయాలు. మూడోది స్థానిక జ్ఞానం: మన్యం కొండల్లో ఏళ్ల తరబడి జీపులు నడిపినవారి అనుభవాన్ని శిక్షణలోకి ఎలా తీసుకురావాలన్నది ఇంకా గట్టిగా ఆలోచించవలసిన విషయం.

నిర్ధారణ

మొత్తం మీద, ఆఫ్‌రోడ్ కోర్సుకు డబ్బు చెల్లించడం మూడు షరతుల మీద సమంజసం. కోర్సులో లాగే పద్ధతికి తగిన సమయం ఉండాలి. నేర్చుకునేవాడు తన హద్దును అనుభవపూర్వకంగా చూసే ఏర్పాటు ఉండాలి. కోర్సు తర్వాత కొద్ది నెలల్లోనే అనుభవజ్ఞుల తోడుతో అభ్యాసం కొనసాగే అవకాశం ఉండాలి. మొదటి రెండూ చేరే ముందే సంస్థను అడిగి తెలుసుకోగలిగినవి, మూడోది నేర్చుకునేవారి చేతిలో ఉన్నది. ఈ మూడింటిలో ఏది లోపించినా రుసుముకు దక్కేది ఒక సరదా రోజు మాత్రమే. సరదాకు ఖర్చు పెట్టడం తప్పు కాదు గానీ, దాన్ని భద్రతగా లెక్కగట్టుకోవడం ప్రమాదకరం. శిక్షణా, క్లబ్బూ ఒకదానికొకటి పోటీ అన్న భావనతో మొదలైన చర్చ, ఒకటి ఆరంభంగానూ రెండోది కొనసాగింపుగానూ ఉన్నప్పుడే రెండూ ఫలిస్తాయన్న అంగీకారం వైపు సాగవలసి ఉంది.